జోక్యానికి ఇరవై ఐదు నిమిషాల ముందు

ఉదయం ఎనిమిదీ నలభై. విచారణ గదిలో సిర్గా ముందు పెట్టిన టీ చల్లారిపోయింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

“నిన్న మధ్యాహ్నం నుంచి ఇక్కడే ఉంచారట. ఏమైనా తిన్నావా?” అడిగింది ఊల్కాన్.

“తినబుద్ధి కాలేదు ఎజే,” అంది సిర్గా, పెద్దక్కను పిలిచినట్టే.

ఊల్కాన్ బేషెనోవా ఆర్థిక నేరాల పరిశోధనలో ఇరవై రెండేళ్లుగా ఉంది. అబద్ధం చెప్పేవాళ్లు సాధారణంగా టీ తాగుతారని ఆమె అనుభవం. నోరు తడారిపోతుంది కాబట్టి.

సిర్గాకు ఇరవై తొమ్మిదేళ్లు. కేంద్ర బ్యాంకు తరఫున డాలర్లు అమ్మే, కొనే ఐదుగురు డీలర్లలో ఒకరు. గదిలో వేడిగానే ఉన్నా కోటు విప్పకుండా, దాన్ని రొమ్ముల మీద బిగించి పట్టుకుని కూర్చుంది. కోటు అంచు కింద జాకెట్టు తడిసి ఉంది. ఊల్కాన్ ఆ తడిని చూసింది. చూడనట్టు ఊరుకుంది.

ఆ వసంతంలో దేశపు కరెన్సీ, సోము, జారుతూ వచ్చింది. జనవరిలో ఎనభై ఎనిమిది సోములకు వచ్చిన డాలరు ఏప్రిల్ నాటికి తొంభై నాలుగైంది. పిండి, మందులు, పెట్రోలు, అన్నీ దాని వెనకే ఎక్కాయి. పట్టు మరీ తప్పుతున్న రోజున కేంద్ర బ్యాంకు తన నిల్వలోంచి డాలర్లు తీసి మార్కెట్లో కుమ్మరిస్తుంది. డాలరు దిగుతుంది, సోము నిలదొక్కుకుంటుంది. దీన్నే జోక్యం అంటారు. అది ఏ రోజున జరుగుతుందో ఎవరికీ తెలియకపోవడంలోనే దాని బలమంతా ఉంది.

కానీ ఎవరికో తెలిసిపోతోంది. ఏప్రిల్ మూడున, తొమ్మిదిన, నిన్న పదహారున బ్యాంకు సరిగ్గా పదకొండు గంటలకు డాలర్లు అమ్మకానికి పెట్టింది. మూడుసార్లూ, అంతకు ఇరవై ఐదు నిమిషాల ముందే, ఎవరో తమ దగ్గరున్న డాలర్లన్నీ పైధరకు వదిలించుకున్నారు. మధ్యాహ్నానికి ధర పడగానే చవకగా మళ్లీ కొనుక్కున్నారు. బ్యాంకు పెట్టిన నీళ్లన్నీ వాళ్ల చేలోకే పారాయి. ప్రతిసారీ రెండు రోజుల్లోపే డాలరు మళ్లీ మొదటికొచ్చింది.

తలుపు తెరుచుకుంది. భద్రతా విభాగం మేజర్ కుబాత్ మామిరోవ్ వచ్చి, మూడు కాగితాలు బల్ల మీద పేక ముక్కల్లా పరిచాడు. సిర్గాను పట్టుకొచ్చింది అతనే.

“డీలింగ్ గది తలుపు దగ్గర రాసే రిజిస్టరు. జోక్యం రోజున గదికి తాళం పడ్డాక బయటికొచ్చిన మనిషి ఒక్కతే. పదీ ఇరవైకి బయటికి, పదీ ముప్ఫై రెండుకి లోపలికి. మూడు రోజులూ అంతే. పదీ ముప్ఫై ఐదుకి బజార్లో డాలర్లు దిగుతాయి. ఈవిడ మరిదికి మారకం వీధిలో డాలర్లు మార్చే కొట్టుంది. ఇంకేం కావాలి ఎజే మీకు, చేతిరాతతో ఒప్పుకోలు పత్రమా?”

“ఉంటే బాగుండేది. రాసిచ్చిందా?”

“జైలు గోడలు చూశాక రాస్తుంది. పన్నెండింటికి మార్చేస్తున్నాం.”

ఊల్కాన్ సిర్గా వైపు తిరిగింది. “ఆ పన్నెండు నిమిషాలూ ఎక్కడికి వెళ్లావు?”

సిర్గా మేజర్ వైపు చూసి తల దించుకుంది.

“చెప్పమ్మా. మేజర్‌నీ ఒక తల్లే కన్నది.”

“పాలు పిండుకోవడానికి ఎజే. పాపకి ఏడో నెల. పక్కన ఫైళ్ల గది ఉంది. గార్డు తలుపు దగ్గరే ఉంటాడు. పంపు, సీసా తప్ప ఇంకేమీ తీసుకెళ్లను. ఫోన్లన్నీ ఇనప్పెట్టెలోనే ఉంటాయి.”

“ఆ మూడు రోజులేనా?”

“రోజూ. సరిగ్గా ఆ టైముకే.”

ఊల్కాన్ ఆ కాగితాలు దగ్గరికి లాక్కుంది. “మేజర్, నాలుగో తారీఖు పేజీ ఏది?”

“నాలుగున జోక్యం లేదు.”

“అందుకే అడుగుతున్నా.”

“తాళం వేసిన రోజుల్లోనే రిజిస్టరు రాస్తారు. మిగతా రోజుల్లో ఎవరెళ్లారో, ఎవరొచ్చారో...” మామిరోవ్ మధ్యలో ఆగాడు.

“అదీ సంగతి. కోడి రోజూ కూస్తుంది. మీరు దొంగతనం జరిగిన రోజునే విని, కోడే దొంగ అంటున్నారు.”

మామిరోవ్ చెవులు ఎర్రబడ్డాయి. “కోడి సంగతి సరే. మరి మరిది?”

“మరిదినీ చూద్దాం. పన్నెండు దాకా టైముంది కదా.”

తొమ్మిదీ ఇరవైకి ముగ్గురు డీలింగ్ గదిలో ఉన్నారు. మూడో మనిషి బ్యాంకు ఉపాధ్యక్షుడు ఇరిస్బెక్ కపారోవ్. రెండు వారాలుగా సరైన నిద్ర లేని మనిషి. ఎక్కడ నిలబడినా గోడకు ఆనుకుంటున్నాడు.

ఐదు బల్లలు. అద్దాలకు తెల్లరంగు కొట్టిన ఒకే కిటికీ. రెండు తాళాల ఇనప్పెట్టె. ఒకే టెలిఫోను, దాంట్లో ప్రతి మాటా రికార్డవుతుంది.

“రికార్డులన్నీ విన్నాం. గోడలు కూడా తట్టి చూశాం. ఈ గదిలోంచి ఈగ కూడా బయటికి పోదు. పోయింది ఆవిడొక్కతే,” అన్నాడు మామిరోవ్.

“జోక్యం ఉన్న రోజు ఏం జరుగుతుందో టైముతో సహా చెప్పండి,” అంది ఊల్కాన్ కపారోవ్‌తో.

“పదింటికి కమిటీ కూర్చుంటుంది. పదీ ఐదుకి నిర్ణయం. పదీ పదికి డీలర్లు లోపలికి వెళ్తారు, తాళం పడుతుంది. పదకొండుకి అన్ని బ్యాంకులకీ ఒకేసారి కబురు. మధ్యాహ్నం మూడింటికి తాళం తీస్తాం.”

“మూడింటిదాకా తిండి?”

కపారోవ్ బిత్తరపోయి చూశాడు. రెండు వారాల్లో అతన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. “పైకే తెప్పిస్తాం.”

నిన్న సోదా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వలేదు. అందుకే మూలన ఐదు భోజనం డబ్బాలు అలాగే పడి ఉన్నాయి. ఊల్కాన్ ఒక మూత తీసి వెలుగులో పెట్టింది. దాని మీద వంటగదివాళ్ల చిన్న ఆర్డరు చీటీ అంటించి ఉంది. ఏప్రిల్ 16, పదీ పదిహేను, పై అంతస్తు, ఐదు. చీటీ అంచు కాస్త మందంగా కనిపించింది. గోటితో గీకింది. కింద ఇంకో చీటీ. ఏప్రిల్ 9, పదీ పద్నాలుగు. దాని కింద మూడోది. ఏప్రిల్ 3, పదీ పదహారు.

నాలుగోది లేదు.

“భోజనం డబ్బాలు ఎజే అవి,” అన్నాడు మామిరోవ్. “మీరూ పొద్దున ఏం తిన్నట్టు లేరు.”

ఊల్కాన్ మూత అతని చేతికిచ్చింది. “ఈ గదిలోంచి రహస్యం బయటికి పోలేదు మేజర్. బయటికి పోయింది ఆకలి.”

అతను మూడు తారీఖులూ చదివాడు. మరొకసారి చదివాడు. ఈసారి హాస్యమాడలేదు.

తలుపు దగ్గరున్న గార్డును పిలిచారు.

“వంటగదికి నేనే ఫోన్ చేస్తానండి. లోపలివాళ్లు కిందికి దిగడానికి లేదు కదా. ముందు చెప్పకపోతే పిండి లాగడానికి టైము చాలదని వంటావిడ అపా కోప్పడుతుంది.”

“ఏమని చెప్తావు?”

“‘పైకి ఐదు.’ అంతేనండి. ఇంకొక్క ముక్క కూడా చెప్పను.”

ఇంకొక్క ముక్క అక్కర్లేదు. డాలరు ఎక్కుతూ పోతున్న రోజుల్లో బ్యాంకు దిగేది అమ్మడానికేనని పసిపిల్లవాడికైనా తెలుసు. తెలియనిదల్లా ఎప్పుడన్నదే.

వంటగదిలో బుర్మాకాన్ అపా లగ్‌మాన్ కోసం నూడుల్స్ పిండిని రెండు చేతులా తాళ్లలా సాగదీస్తోంది. అరవై రెండేళ్లు. నారిన్ కొండల మనిషి. అధికారుల్ని చూసి చేతులు ఆపలేదు.

“గార్డు ఫోన్ చేశాక మీరు ఇంకెవరికైనా చెప్తారా అపా?”

“సమత్‌కి చెప్తా. ఈ వంట కాంట్రాక్టు ఆయనదే కదమ్మా. ఫిబ్రవరిలో వచ్చి, పైకి వెళ్లేది పెద్దవాళ్ల భోజనం, వెంటనే నాకో ఫోను కొట్టు, మాంసం మంచి ముక్కలు పడ్డాయో లేదో నేనే చూసుకుంటా అన్నాడు. ఎంత శ్రద్ధ అనుకున్నా.”

“ఎప్పుడైనా వచ్చి చూశాడా?”

పిండి లాగుతున్న చేతులు ఆగిపోయాయి. ఆవిడ గోడ మీది గడియారం వైపు, తర్వాత ఊల్కాన్ వైపు చూసింది.

“లేదు,” అంది మెల్లగా. “ఒక్కసారీ రాలేదు. అయ్యో, నేనేం చేశానమ్మా?”

“మీరు వంట చేశారు అపా. మిగతాది వేరేవాళ్లు చేశారు.”

తొమ్మిదీ యాభై ఐదుకి కపారోవ్ గదిలో వాదన మొదలైంది.

“ఇవాళ జోక్యం ఉందా?” అడిగింది ఊల్కాన్.

“లేదు. నిన్ననే అంత పోశాం, ఇవాళ డాలరు అప్పుడే తొంభై నాలుగు దాటింది. ఇలాగే పోస్తూపోతే నిల్వ అడుగంటుతుంది.”

“అయితే ఇవాళ పైకి ఐదు భోజనాలు తెప్పించండి.”

ఆయనకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. “కుదరదు. కేంద్ర బ్యాంకు మార్కెట్‌కి దొంగ సైగలు చెయ్యకూడదు. మా మాట మీద నమ్మకం పోతే ఇంక మా దగ్గర మిగిలేది ఏమీ లేదు.”

“మిమ్మల్ని ఒక్క మాట కూడా అనమనడం లేదు. పై అంతస్తులో ఐదుగురం కూర్చుని భోంచేస్తాం. అది ఏ చట్టం ప్రకారం తప్పు?”

మామిరోవ్ కుర్చీలోంచి లేచాడు. “వంటావిడ ఫోను పట్టుకుని నా కేసు కొట్టేద్దామనా? ఏమీ జరక్కపోతే?”

“పన్నెండింటికి మీరు అన్నట్టే. సిర్గాని జైలుకి మార్చే కాగితం మీద నేనూ సంతకం పెడతా.”

ఆ సంతకం విలువేమిటో మామిరోవ్‌కు తెలుసు. ఊల్కాన్ సంతకం పెట్టిన ఏ కేసూ కోర్టులో ఇంతవరకు వీగిపోలేదు.

“మారకం వీధిలో మీ మనుషులు ఎంతమంది?” అడిగింది ఆమె.

“ఆరుగురు. మరిది మీద కన్నేసి ఉంచారు.”

“వాళ్ల చూపు మరిది మీంచి తీసి వీధి మీద పెట్టమనండి. మరిదితో నేను మాట్లాడతా.”

సిర్గా మరిది పేరు ఉర్మత్. ఫోను ఎత్తీ ఎత్తగానే అతను నిలదీశాడు. “మా వదినని ఎందుకు పట్టుకున్నారు ఎజే? పాప రాత్రంతా ఏడుస్తూనే ఉంది.”

“వదిన ఇంటికి రావాలంటే ఒక గంటసేపు కళ్లు తెరుచుకుని కూర్చో. పెద్ద మొత్తంలో డాలర్లు అమ్మేవాడు ఎవడొచ్చినా నాకు చెప్పు. నువ్వు మాత్రం వాడి దగ్గర కొనకు.”

చివరికి కపారోవ్, “పదకొండింటికి మాత్రం నేను నిజం ప్రకటిస్తా. ఇవాళ జోక్యం లేదని,” అన్నాడు.

“తప్పకుండా ప్రకటించండి. అప్పటికి మా పనైపోతుంది.”

పదీ పదిహేను. వంటగదిలో బుర్మాకాన్ అపా ఫోను పట్టుకుంది. చెయ్యి పిండితో తెల్లగా ఉంది. “నాకు అబద్ధం చేతకాదమ్మా,” అంది.

“అబద్ధం వద్దు. ఐదు భోజనాలూ నిజంగానే చెయ్యండి. మేమే తింటాం.”

ఆవిడ గొంతు సవరించుకుంది. “సమత్, బాబూ, పైకి ఐదు.” అవతలి మనిషి ‘సరే’ అని పెట్టేశాడు. మాంసం ముక్కల మాట ఎత్తనే లేదు.

పదీ ముప్ఫై. డీలింగ్ గదిలో తెరల మీద డాలరు తొంభై నాలుగూ పది దగ్గర నిలిచి ఉంది. పదీ ముప్ఫై ఐదు. అక్కడే ఉంది. మామిరోవ్ చేతి గడియారాన్ని ఊల్కాన్‌కు కనబడేలా తిప్పాడు. పదీ ముప్ఫై ఎనిమిది.

“సంతకానికి కలం ఇవ్వమంటారా ఎజే?”

ఆ క్షణంలో ఊల్కాన్ తన సంతకం గురించి ఆలోచించలేదు. సిర్గా తడిసిన జాకెట్టు గురించి ఆలోచించింది.

పదీ ముప్ఫై తొమ్మిదికి ఆమె ఫోను మోగింది.

“ఎజే, నీలం కోటువాడు ఒకడు వచ్చాడు,” ఉర్మత్ గొంతు తగ్గించి గబగబా చెబుతున్నాడు. “వాడితో ఇంకో ముగ్గురు. నాలుగు కొట్లలో ఒకేసారి అమ్ముతున్నారు. ఎంత ఇచ్చినా సరే తీసుకోమంటున్నారు. పక్కకొట్టువాడు బోర్డు మారుస్తున్నాడు, తొంభై మూడున్నర. ఆగండి, వాడి పక్కవాడు తొంభై మూడు పెట్టాడు.”

“జనం ఏం చేస్తున్నారు?”

“పొద్దుట్నుంచీ కొందామని వరసలో నిలబడినవాళ్లు వెనక్కి తిరిగారు. ఒక ముసలావిడ మేజోడులోంచి నోట్లు తీసి, అయితే నావీ తీసుకో నాయనా అంటోంది.”

తెరల మీద అంకెలు కదిలాయి. ఇప్పుడు బ్యాంకులు కూడా అమ్ముతున్నాయి. తొంభై రెండూ ఎనభై. తొంభై రెండూ నలభై. కపారోవ్ ఒక తెర నుంచి ఇంకో తెరకు నడిచి, ఖాళీగా ఉన్న సిర్గా కుర్చీలో మెల్లగా కూలబడ్డాడు.

“మేం ఒక్క డాలరు కూడా తియ్యలేదు,” అన్నాడు తనలో తను అనుకున్నట్టు.

“లగ్‌మాన్ ఖర్చయింది,” అంది ఊల్కాన్.

కపారోవ్ నవ్వాడు. నవ్వడం ఎలాగో అప్పుడే గుర్తొచ్చిన మనిషిలా, ఆగి ఆగి నవ్వాడు. అన్నమాట ప్రకారం పదకొండింటికి ప్రకటన ఇచ్చాడు. ఇవాళ బ్యాంకు జోక్యం చేసుకోవడం లేదు. డాలరు కాస్త పైకి లేచి, తొంభై రెండూ డెబ్భై దగ్గర ఆగిపోయింది. అంతకుమించి ఎక్కలేదు. దాచుకున్న డాలరు దిగనూ గలదని జనం కళ్లారా చూశారు. ఆ ఒక్క ఉదయానికి అది చాలు.

మామిరోవ్ మనుషులు నీలం కోటువాణ్ణి వీధి మలుపులో పట్టుకున్నారు. వాడు సమత్ కారు డ్రైవరు.

మామిరోవ్ ఆ కబురు విని ఫోను పక్కన పెట్టాడు. తర్వాత దాన్ని మళ్లీ తీసి ఇంకో నంబరు నొక్కాడు.

“ఆ డీలరమ్మాయిని వదిలేయండి. అవును, ఇప్పుడే. టాక్సీ కాదు, మన కారే ఇవ్వండి. దారిలో ఎక్కడా ఆపొద్దని చెప్పండి, పసిపాప ఎదురుచూస్తోంది.”

ఊల్కాన్ లేచి తలుపు వైపు నడిచింది.

పదకొండూ పదికి ఊల్కాన్, మామిరోవ్ సమత్ ఆఫీసులో ఉన్నారు. బ్యాంకుకు రెండు వీధుల అవతల. సమత్ జేయెన్బాయెవ్‌కు నలభై ఐదేళ్లుంటాయి. నున్నటి గడ్డం, ఇస్త్రీ చొక్కా. రెండేళ్లలో ఇస్సిక్‌కుల్ ఒడ్డున మేడ కట్టినవాడు. వాళ్లను చూసి లేచి టీ పోయబోయాడు.

“నేను వంటలవాణ్ణి ఎజే. చారులో ఉప్పు సరిపోయిందా లేదా, అంతవరకే నా తెలివి.”

“మీ డ్రైవరు ఇవాళ అమ్మిన డాలర్లు అతని నూరేళ్ల జీతం,” అన్నాడు మామిరోవ్.

“పొదుపరి.”

“పైకి భోజనం వెళ్లిన రోజుల్లోనే పొదుపు చేస్తాడా?”

“నా భోజనం ఎక్కడికి వెళ్తుందో నేను తెలుసుకోవడం నేరమైతే, ఏ సెక్షనో చెప్పండి బైకే. లాయరుని పిలిపిస్తా,” అన్నాడు సమత్, పెద్దన్నను పిలిచే మర్యాదతోనే.

సమత్ మాటలో తొణుకు లేదు. కానీ అతని కళ్లు మాత్రం మాట్లాడుతున్నవాళ్ల మీద నిలవడం లేదని ఊల్కాన్ గమనించింది. అవి మాటిమాటికీ బల్ల మీద బోర్లించిన ఫోను మీదికి పోతున్నాయి. దాని చప్పుడు ఆపేసి ఉంది. వాళ్లు వచ్చాక అది రెండుసార్లు బల్ల మీద సన్నగా అదిరింది. రెండుసార్లూ అతను వినబడనట్టే ఉన్నాడు.

పదకొండూ పదిహేడుకి మూడోసారి అదిరింది. ఈసారి సమత్ చెయ్యి ముందుకొచ్చింది. మామిరోవ్ చెయ్యి అంతకంటే ముందు దాని మీద పడింది.

నంబరు మొదట్లో ఉన్న అంకెలు ఈ దేశానివి కావు. ఊల్కాన్ ఫోను తీసుకుని అందరికీ వినబడేలా పెట్టింది.

“సమత్ బాబూ,” అంది ఒక ఆడగొంతు. భాష దగ్గరదే, యాస సరిహద్దు అవతలిది. “పైకి ఏడు.”

మామిరోవ్ గడియారం చూసుకున్నాడు. అవతలి దేశంలో గడియారం గంట వెనక. అక్కడ ఇప్పుడు పదీ పదిహేడు.

“నేను ఆయన ఆఫీసు నుంచే మాట్లాడుతున్నానమ్మా. మీరు బ్యాంకు వంటగదిలోంచేనా?” అంది ఊల్కాన్ మామూలుగా.

“ఆఁ, ఇంకెక్కణ్ణుంచి? రెండుసార్లు చేశా, ఎత్తలేదు. ఆయన చెప్పినట్టే రెండో నంబరుకి అప్పుడే చెప్పేశాను. మళ్లీ నన్ను అంటారేమోనని ఇటూ చేశా.”

సమత్ కళ్లు మూసుకున్నాడు.

“మంచి పని చేశారు. ఆ రెండో నంబరు ఒకసారి చదువుతారా? ఇక్కడ రాసి ఉన్నది సరైనదో కాదో చూసుకుంటాను.”

ఆవిడ ఒక్కొక్క అంకె చదివింది. ఊల్కాన్ రాసుకుంది. అది ఇక్కడి నంబరూ కాదు, అక్కడిదీ కాదు. ఏ దేశానిదో మామిరోవ్‌కూ అంతుపట్టలేదు.

“ఎవరిది?” అడిగింది ఊల్కాన్.

“నిజంగా తెలీదు ఎజే,” అన్నాడు సమత్. అతని గొంతులోంచి నునుపు పోయింది. “కాంట్రాక్టులు వాళ్లే ఇప్పించారు. మూడు దేశాల్లో. నేను వాళ్లకీ వంటవాణ్ణే. అప్పుడప్పుడు మాట్లాడతారు. మొహం ఎప్పుడూ చూడలేదు.”

“మూడు దేశాలు,” అన్నాడు మామిరోవ్. “అవతల నాకు తెలిసిన కల్నల్ ఒకడున్నాడు. నేను చెబితే నమ్మడు.”

“ఎందుకు?”

“పోయినేడు వాడు చెప్పింది నేను నమ్మలేదు.”

“అయితే క్షమాపణతో మొదలుపెట్టండి. వాళ్ల బ్యాంకు కబురు పంపేలోపు అక్కడి జోక్యాన్ని ఆపించాలి. పదిహేను నిమిషాల్లో రెండో నంబరువాడు అమ్మకం మొదలుపెడతాడు.”

మామిరోవ్ వాదించలేదు. అప్పటికే నంబరు నొక్కుతూ కిటికీ దగ్గరికి నడిచాడు. “అవును, నేనే. ముందు నన్ను తిట్టు, తర్వాత విను,” అనడం ఊల్కాన్‌కు వినిపించింది.

అప్పుడు ఆమె చేతిలో ఉన్న సమత్ ఫోను మళ్లీ అదిరింది.

ఆమె తెర మీది అంకెల్ని, కాగితం మీద తను రాసుకున్న అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసింది. తేడా లేదు.

“ఎత్తొద్దు ఎజే,” అన్నాడు సమత్. “ఇవాళ ఇక్కడ జోక్యం లేదని ప్రకటన వచ్చింది కదా. పైకి ఐదు అని వాళ్లకి నేను ఎందుకు చెప్పానని అడుగుతారు. నేనేం చెప్పను?”

“ఏం చెబితే నీ ప్రాణం నిలుస్తుందో అది చెప్పు. నీ పక్కనే ఉంటా,” అంది ఊల్కాన్.

ఫోను అతని చెవి దగ్గర పెట్టి, పచ్చ బొత్తాం నొక్కింది.